డిక్కీలో పట్టినంత మాత్రాన కారు మోసినట్టు కాదు

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం. ఒంగోలులో అక్క వాళ్లింటి నుంచి నెల్లూరుకు తిరిగి వస్తున్నాం. కారులో అయిదుగురం: నాన్న, అమ్మ, తమ్ముడు, మా ఆవిడ, నేను. డిక్కీలో రెండు బియ్యం మూటలు సర్దాక బావ ఇంకా ఖాళీ ఉందని చూసి, "ఇంకోటి కూడా పడుతుందిలేరా" అంటూ మూడో మూట తోశారు. నాలుగోది కూడా పట్టింది. అక్క చేసిన అరిసెలు, పులిహోర ఉన్న స్టీలు క్యారియర్‌కు చోటు లేక, వెనక అద్దం కింద ఉండే పార్సిల్ ట్రే మీద పెట్టాం.

సింగరాయకొండ దాటాక డివైడర్ సందులోంచి గేదెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. బలంగా బ్రేక్ వేశాను. కారు ఆగింది, గేదెలకు ఏమీ కాలేదు. కానీ ట్రే మీద ఉన్న క్యారియర్ ముందుకు ఎగిరి వచ్చి అమ్మ భుజానికి తగిలింది. ఎముక విరగలేదు, మూడు వారాలు చెయ్యి ఎత్తలేకపోయింది. నాలుగంగుళాలు పక్కకు వచ్చి ఉంటే తలకు తగిలేది.

ఆ రాత్రి ఇంటికొచ్చి కారుతో ఇచ్చిన మాన్యువల్ మొదటిసారి తెరిచాను. అయిదేళ్లుగా గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉన్న పుస్తకం. అందులో పార్సిల్ ట్రే మీద బరువైన వస్తువులు పెట్టొద్దని స్పష్టంగా ఉంది. ఎన్ని కిలోలు మోయవచ్చో, ఏ కొక్కేనికి ఎంత తగిలించవచ్చో, గాలి ఎంత ఉండాలో అన్నీ ఉన్నాయి. అప్పటి నుంచి ఈ విషయం మీద నేను చదివింది, మెకానిక్‌లను, టైర్ల షాపుల వాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మనం సామాను సర్దేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటాం: పట్టిందా? నిజానికి వేసుకోవలసినవి మూడు. పట్టిందా, కారు మోయగలదా, బ్రేక్ వేసినా కదలకుండా ఉంటుందా. మొదటిది కంటికి కనిపిస్తుంది. మిగతా రెండూ కనిపించవు, ప్రాణం మీదకు తెచ్చేవి ఆ రెండే.

లీటర్లు వేరు, కిలోలు వేరు

షోరూములో డిక్కీ గురించి చెప్పేటప్పుడు లీటర్లలో చెబుతారు. 260 లీటర్లు, 300 లీటర్లు, 400 లీటర్లు అని. అది చోటు లెక్క మాత్రమే. 300 లీటర్ల డిక్కీ నిండా బొరుగులు పోస్తే ముప్పై, నలభై కిలోలు కూడా తూగవు. అదే డిక్కీ నిండా బియ్యం నింపితే దాదాపు 240 కిలోలు. ఇసుక నింపితే 450 దాటుతుంది. చీమకుర్తి గ్రానైట్ అయితే మరీ మోసం చేస్తుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలక దాదాపు 20 కిలోలు ఉంటుంది. వంటగట్టుకు మిగిలిన అయిదు ముక్కలు డిక్కీ అడుగున పరిస్తే చోటు ఏమీ తీసుకోవు, డిక్కీ ఖాళీగానే కనిపిస్తుంది. కానీ కారెక్కింది 100 కిలోలు.

కిలోల లెక్క తెలియాలంటే రెండు అంకెలు కావాలి. ఒకటి ఖాళీ కారు బరువు, అంటే కర్బ్ వెయిట్. రెండోది సామానుతో, మనుషులతో కలిపి కారు ఉండదగిన గరిష్ఠ బరువు, అంటే గ్రాస్ వెయిట్. రెండూ మాన్యువల్‌లో ఉంటాయి. ఖాళీ బరువు ఆర్సీలో కూడా ఉంటుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే వచ్చేదే కారు మోయగలిగిన బరువు. ఇందులో మనుషులు కూడా లెక్కే అన్నది చాలామంది మరిచిపోయే సంగతి. మన దగ్గర కర్బ్ వెయిట్‌లో సాధారణంగా డ్రైవర్ బరువు కలపరు కాబట్టి డ్రైవర్‌ను కూడా మనమే లెక్కలో వేసుకోవాలి.

మా కారు లాంటి ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ ఖాళీ బరువు 890 కిలోలు, గరిష్ఠ బరువు 1335 కిలోలు అనుకుందాం. మిగిలేది 445. మా అయిదుగురి బరువు కలిపితే 333 కిలోలు. ఇక సామానుకు మిగిలింది 112. ఒక్కో బియ్యం మూట 26 కిలోలు. (పాతిక కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ మీద 2022 జూలైలో జీఎస్టీ వచ్చాక మన మిల్లుల వాళ్లు 26 కిలోల మూటలకు మారారు.) నాలుగు మూటలంటే 104. ఇంకా 8 కిలోలే మిగిలాయి. బట్టల బ్యాగులు, 20 లీటర్ల నీళ్ల క్యాను, అక్క ఇచ్చిన ఊరగాయ జాడీలు, క్యారియర్ కలిపితే ఆ ఎనిమిది ఎప్పుడో దాటిపోయాయి. అంటే ఆ రోజు మేం పరిమితి దాటిన కారులో 120 కిలోమీటర్లు ప్రయాణించాం. డిక్కీ తలుపు మాత్రం చక్కగా మూసుకుంది.

ఈ లెక్క మీద నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది. నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లులకు కొదవలేదు, మిల్లులున్న చోట లారీ కాటాలూ ఉంటాయి. కొద్దిపాటి డబ్బు తీసుకుని కారును కూడా తూస్తారు. మనుషులు, సామాను అన్నీ ఎక్కించుకుని ఒక్కసారి కాటా మీదకు వెళ్లి చీటీ తెచ్చుకుంటే కారులో నిజంగా ఎంత బరువు ఉందో తెలిసిపోతుంది. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి తూయించుకుంటే వెనక ఇరుసు మీద ఎంత పడుతోందో కూడా తెలుస్తుంది. ఇది చేసేవాళ్లు తక్కువ. నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ నా ఊహ కంటే ఎక్కువే తూగింది.

టైరు మీద ఉన్న అంకెను చూసి కొందరు ధీమాగా ఉంటారు. టైరు పక్కన 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. అందులో 88 అనేది బరువు సూచిక. సరైన గాలి ఉన్నప్పుడు ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని అర్థం. 82 అయితే 475 కిలోలు, 91 అయితే 615. నాలుగు టైర్లు కలిపితే 2,240 కిలోలు కదా, మరి కారు 1,335 దాటితే ఏమవుతుందని అడుగుతారు. కారు మోసేది టైర్లు ఒక్కటే కాదు. స్ప్రింగులు, ఇరుసు, బేరింగులు, బ్రేకులు అన్నీ కలిసి మోయాలి. వాటిలో బలహీనమైనది ఎంత ఓర్చుకుంటుందో అదే కారు పరిమితి.

అలాగే స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకుంటే లోడు ఎక్కువ వేసుకోవచ్చన్న మాట యాక్సెసరీ షాపుల్లో వింటుంటాం. బఫర్లు పెడితే కారు వెనక భాగం కిందికి దిగకపోవచ్చు. స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలకపోవచ్చు. కానీ బ్రేకుల శక్తి పెరగదు, టైరు పరిమితి మారదు. పైగా బండి కిందికి కుంగడం అనేది మనకు కనిపించే ఒకే ఒక హెచ్చరిక. బఫర్‌తో ఆ హెచ్చరికను కూడా పోగొట్టుకుంటున్నాం.

బరువు ఎక్కడ పెట్టామన్నది

మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా, పెట్టిన చోటును బట్టి కారు నడక మారిపోతుంది. పార్కులో పిల్లలు రెండు చివరలా కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్లను గుర్తు తెచ్చుకోండి. డిక్కీ దాదాపుగా వెనక చక్రాలకు అవతల ఉంటుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు ఉన్న కారులో, వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్ల అవతల 100 కిలోలు పెడితే వెనక చక్రాల మీద పడేది 100 కాదు, 124 కిలోలు. ఆ అదనపు 24 కిలోలు ముందు చక్రాల మీద నుంచి ఎత్తివేసినవి. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే, స్టీరింగ్ తిప్పేదీ వాటినే, ఎక్కువ బ్రేక్ పడేదీ వాటి మీదే. అవి తేలికైతే స్టీరింగ్ కూడా వేళ్ల కింద తేలిపోతున్నట్టు అనిపిస్తుంది. వాన పడిన హైవే మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

రాత్రి పూట ఇంకో ఇబ్బంది. వెనక కుంగితే ముందు లైట్లు పైకి చూస్తాయి. డిప్ లైటు వేసినా ఎదురు వచ్చేవాళ్ల కళ్లలోకి కొడుతుంది, మన రోడ్డు మనకు సరిగా కనపడదు. చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది. లైటు ఎత్తును తగ్గించడానికే అది. లోడు ఎంత పెరిగితే అంకె అంత పెంచాలి. ఏ లోడుకు ఏ అంకో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. ఆ చక్రం ఎందుకుందో కారు కొన్న ఎంతోమందికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి బరువైన మూటలు డిక్కీ అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టాలి. తలుపు వైపు తేలికైనవి పెట్టాలి. ఎత్తు సీటు వీపును దాటకూడదు. నలుగురే ఉంటే మిగతా మూటను సీటు మీద కాకుండా ముందు సీటుకు, వెనక సీటుకు మధ్య నేల మీద బిగుతుగా ఇరికించి పెడితే అది ఎటూ పోదు.

ఇక కదలకపోవడం గురించి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. కారు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే లోపలున్న ప్రతి వస్తువూ అదే వేగంతో వెళ్తోంది. కారు దేనినైనా గుద్దుకుని అరమీటరు దూరంలో ఆగిపోతే, లోపలి వస్తువు తన బరువుకు దాదాపు 20 రెట్ల బలంతో ముందుకు వెళుతుంది. లీటరు నీళ్ల సీసా 20 కిలోల దెబ్బ కొడుతుంది. 26 కిలోల మూట అరటన్ను బలంతో సీటు వీపును తోస్తుంది. అదే అరమీటరులో 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే ఆ బలం రెండున్నర రెట్లు పెరుగుతుంది. హైవే మీద మనం వెళ్లేది 80 పైనే.

వెనక సీటు వీపును ఆ దెబ్బకు నిలబెట్టేవి దాని రెండు వైపులా ఉండే కొక్కేలు. సీటు మడిచి మళ్లీ లేపినప్పుడు 'టక్' మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. కొన్ని కార్లలో సరిగా పడకపోతే ఎర్రటి గుర్తు కనిపిస్తుంది. ఒకసారి పట్టుకుని ముందుకు లాగి చూడటం ఇంకా మేలు. వెనక ఎవరూ కూర్చోకపోయినా డిక్కీలో బరువుంటే వెనక సీటు బెల్టులు పెట్టేయండి. ఆ బెల్టు సీటు వీపును పట్టుకుని ఉంటుంది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

డిక్కీలో నేల దగ్గర ఉండే లోహపు రింగులు సామాను కట్టడానికే. వాటికి రాచెట్ బెల్టు (పిడి ఆడిస్తూ బిగించే, సాగని పట్టీ) వేసి బిగించాలి. సాగే రబ్బరు తాళ్లు తేలికపాటి బ్యాగులు దొర్లకుండా ఆపుతాయి గానీ బియ్యం మూటను ఆపలేవు. సాగడమే వాటి గుణం కాబట్టి అసలైన సమయంలో కూడా సాగిపోతాయి. డిక్కీ గోడకు ఉండే ప్లాస్టిక్ కొక్కెం కూరగాయల సంచికి మాత్రమే. దాని పరిమితి సాధారణంగా మూడు, నాలుగు కిలోలు. వెనక సీటు సందులో, సీటు వెనకాల ఉండే ఐసోఫిక్స్ రింగులు పిల్లల సీటు బిగించడానికి పెట్టినవి. వాటికి తాళ్లు కట్టి సామాను బిగించడం చూశాను. వంగితే రేపు పిల్లల సీటు దానిలో నిలవదు, కాబట్టి వాటి జోలికి పోవద్దు.

దేవుడి బొమ్మ, ఎయిర్‌బ్యాగ్

కారు కొనగానే జొన్నవాడకో, పెంచలకోనకో తీసుకెళ్లి పూజ చేయిస్తాం. వచ్చేటప్పుడు ఒక చిన్న విగ్రహం తెచ్చి డ్యాష్‌బోర్డు మీద అంటిస్తాం. మా కారులోనూ ఉంది. ఈ విషయం రాయడానికి కాస్త వెనకాడాను, కానీ రాయకపోతే తప్పు.

డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాల కింద మడిచిపెట్టిన సంచి ఉంటుంది. గుద్దుకున్న తర్వాత రెప్పపాటు కంటే తక్కువ సమయంలో, గంటకు 300 కిలోమీటర్ల వరకూ వేగంతో అది పైమూత చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ మూత మీద లోహపు విగ్రహం గానీ, గాజు ఫోటో గానీ, సెంటు సీసా గానీ, ఫోను స్టాండు గానీ ఉంటే ముందు సీటులో కూర్చున్న మనిషి ముఖం మీదకే వస్తుంది. స్టీరింగ్ మధ్యలో అంటించే లోహపు ఓంకారం, రాళ్లు పొదిగిన స్టిక్కర్లు డ్రైవర్‌కు అదే హాని చేస్తాయి. స్వామి మీద భక్తి తగ్గించుకోమని కాదు. విగ్రహాన్ని రెండు ఎయిర్‌బ్యాగులకూ దూరంగా, డ్యాష్‌బోర్డు మధ్యలో గట్టిగా అంటించవచ్చు, ఇంకా మంచిది కాగితం పటం. మాది మధ్యకు జరిపాం. అమ్మ మొదట అభ్యంతరం చెప్పింది. కారణం విన్నాక తనే జరిపింది.

సీటు పక్కల నుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో సీటు మొత్తాన్ని కప్పే తోలు కవర్లు వేయిస్తే అవి బయటికి రాలేవు. కుట్టులో దానికి సందు వదిలిన కవర్లే వేయించాలి. కిటికీల పైన తెర ఎయిర్‌బ్యాగులు ఉంటే పై పట్టీకి గట్టి హ్యాంగర్లతో బట్టలు తగిలించకూడదు. బంపర్ ముందు వేయించే ఇనుప క్రాష్ గార్డు కూడా ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనిని చెడగొట్టగలదు. అందుకే వాటిని అనుమతించొద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

డ్రైవర్ కాళ్ల దగ్గర ఏ వస్తువూ ఉండకూడదు. మనలో చాలామందికి చెప్పులు విడిచి నడపడం అలవాటు. విడిచిన చెప్పులు సీటు ముందే ఉంటాయి. ఒకటి జరిగి బ్రేక్ పెడల్ కిందకు చేరితే పెడల్ పూర్తిగా దిగదు. సీటు కింద పెట్టిన నీళ్ల సీసా దొర్లుకుంటూ వచ్చి చేసేదీ అదే. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేస్తే అది జారి యాక్సిలరేటర్‌ను పట్టుకోగలదు. చెప్పులు వెనక సీటు దగ్గర పెట్టండి, మ్యాట్ ఒక్కటే ఉంచి దాని కొక్కేనికి తగిలించండి. తలుపు సంచుల్లో గాజు సీసాలు వద్దు. గ్లవ్ బాక్స్ మూత తెరిచి ఉంచి నడపొద్దు, ముందు కూర్చున్న వాళ్ల మోకాళ్లకు తగులుతుంది.

మన ఎండ, మన సరుకు

మే నెలలో నెల్లూరులో, ఒంగోలులో బయట 42, 43 డిగ్రీలు ఉన్న రోజున అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసి ఉంటుంది. సెంటు స్ప్రేలు, లైటర్లు, పవర్ బ్యాంకులు, శానిటైజర్లు కారులో నిలవ ఉంచే వస్తువులు కావు.

రొయ్యల చెరువులున్న వాళ్లు చేసే పని ఒకటి ఉంది. బ్లీచింగ్ పౌడరు, చెరువు మందులు, జనరేటర్‌కు డీజిలు క్యానులో పోసుకుని డిక్కీలో వేసుకుని వెళ్తుంటారు. హ్యాచ్‌బ్యాక్‌లో, ఎస్‌యూవీలో డిక్కీకి, మనం కూర్చునే చోటుకు మధ్య గోడ లేదు. అక్కడి గాలే మనం పీల్చేది. ఎండకు వేడెక్కిన బ్లీచింగ్ పౌడరు క్లోరిన్ వదులుతుంది. పురుగుమందు సీసా మూత కాస్త వదులైనా ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పిల్లలు ఎక్కే కారులో ఇవి వేయకండి. ఇంటి గ్యాస్ సిలిండరూ అంతే. 14.2 కిలోల గ్యాసు, సిలిండర్ సొంత బరువు కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. లీకైన గ్యాసు గాలి కంటే బరువైనది కాబట్టి పైకి పోకుండా కారు అడుగునే పేరుకుంటుంది.

మైపాడు నుంచో, కొత్తపట్నం నుంచో చేపలు, రొయ్యలు తెచ్చుకునే వాళ్లకు ఒక చిన్న మాట. థర్మాకోల్ పెట్టెలో ఐసు కరిగి ఉప్పు నీళ్లు స్టెప్నీ గుంటలోకి దిగుతాయి. కార్పెట్ కింద తుప్పు మొదలవుతుంది, వైర్ల జాయింట్లు పాడవుతాయి. పెట్టె కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ఇంటికొచ్చాక స్టెప్నీ మూత ఎత్తి ఒకసారి తుడవండి.

సీఎన్జీ కారు వాళ్లు లెక్క ఇంకాస్త జాగ్రత్తగా చేసుకోవాలి. కిట్, సిలిండర్ కలిపి 80 కిలోలకు అటూ ఇటూ బరువు ముందే వెనక ఎక్కి కూర్చుంది. డిక్కీలో చోటు తగ్గడం ఒక్కటే కాదు, వెనక ఇరుసు మీద భారం ఎప్పుడూ ఉంటుంది. సిలిండర్ మీద మూటలు ఎక్కించకూడదు, పైపులు, వాల్వు వైపు ఏదీ నెట్టకూడదు. మూడేళ్లకు ఒకసారి హైడ్రో టెస్ట్, అంటే సిలిండర్‌లో నీళ్లు నింపి ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష చేయించాలి. 2023లో టాటా వాళ్లు పెద్ద సిలిండర్ ఒకటికి బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పడుకోబెట్టి కొంత చోటు మిగిల్చారు. అక్కడ కూడా మిగిలింది చోటే, కిలోలు కాదు.

ఉలవపాడు మామిడి కాయల సమయంలో కారు పైన క్యారియర్‌లో బుట్టలు కట్టుకుని వెళ్లేవాళ్లు కనిపిస్తారు. పైకప్పు మోసే బరువు చాలా తక్కువ. చాలా కార్లలో 50 నుంచి 75 కిలోలు, అందులో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. కొన్ని కార్లకు పైన కనిపించే పట్టాలు అందం కోసం అంటించినవి మాత్రమే, బరువు కట్టడానికి కాదు. మాన్యువల్‌లో ఆ మాట ఉంటుంది. బరువు పైకి పోయేకొద్దీ మలుపులో కారు ఒరిగిపోయే గుణం పెరుగుతుంది. పరుపు లాంటి తేలికైన వస్తువుతో ఇంకో ప్రమాదం. 80 వేగంలో గాలి దాని ముందు అంచు కింద దూరి పైకి లేపుతుంది. కిటికీలోంచి తాడు తిప్పి కట్టి, చేత్తో పట్టుకుని కూర్చుంటే ఆ గాలికి మనిషి బలం చాలదు.

పొడవైనవి తేవాలని డిక్కీ తలుపు తెరిచే ఉంచి నడపడం మరీ ప్రమాదం. కారు వెనకాల గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, తర్వాత మగత, డ్రైవర్‌కు తెలిసేలోపే ఆలస్యమవుతుంది. బోరు పైపులకు, మంచాలకు ట్రాలీ ఆటో మాట్లాడుకోవడమే మంచిది. చట్టం కూడా ఊరుకోదు. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం అనుమతించిన కొలతలు దాటి సరుకు పక్కలకో, ముందుకో, వెనక్కో, పైకో పొడుచుకువస్తే 20,000 రూపాయల జరిమానా, సరుకు దించే ఖర్చు అదనం. సీటు బెల్టు లేకపోతే 1,000.

బీమా సంగతి తక్కువమంది చూస్తారు. సొంత కారు పాలసీలో వాడకం పరిమితులు అని ఒక భాగం ఉంటుంది. సొంత సామాను, శాంపిళ్లు తప్ప సరుకు రవాణాకు, అద్దెకు వాడితే పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. పొదలకూరు నిమ్మకాయల బస్తాలు మార్కెట్‌కు వేసేవాళ్లు, రొయ్యల మేత బస్తాలు రోజూ వేసుకెళ్లేవాళ్లు ఆ పేజీ ఒకసారి చదవాలి. ప్రమాదం జరిగాక చదివితే ఉపయోగం ఉండదు.

ప్రయాణానికి ముందు చేయదగిన పని ఇంకొకటి, టైర్ల గాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద తక్కువ మందికి ఒక అంకె, నిండు లోడుకు ఒక అంకె ఉంటాయి. చాలా కార్లలో వెనక టైర్లకు నిండు లోడు అంకె ఎక్కువ. మనం మాత్రం ఏడాది పొడుగునా అన్నిటికీ ఒకే అంకె చెబుతాం. లోడు ఎక్కువై, గాలి తక్కువైతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. అసలే కాలిన రోడ్డు మీద గంటల తరబడి అలా వెళితే పగిలేది ఆ టైరే. నడిపిన తర్వాత కాకుండా, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. స్టెప్నీ చిన్న సైజుది అయితే దాని మీద 80 అని రాసి ఉంటుంది, ఆ వేగం దాటకూడదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాటు దిగేవాళ్లు నిండు లోడుతో బ్రేక్ మీదే కాలు ఉంచి దిగితే బ్రేకులు కాలిపోయి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది.

మొన్న ఉగాదికి మళ్లీ ఒంగోలు వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు బావ మళ్లీ నాలుగు మూటలు వాకిట్లో పెట్టి ఉంచారు. ఈసారి నేను తలుపు తెరవక ముందే కాగితం మీద లెక్క చూపించాను. "అదేందిరా, పోయినసారి పట్టాయి కదా" అన్నారు. "పట్టాయి బావా, కారు మోయలేదు" అన్నాను. అమ్మ వైపు ఒకసారి చూసి ఆయన ఇంకేమీ అనలేదు. రెండు మూటలు సీటు వీపుకు ఆనించి బెల్టు బిగించాం. క్యారియర్ అమ్మ కాళ్ల దగ్గర నేల మీద పెట్టాం. మిగతా రెండు మూటలను బావే ఆటోలో తీసుకెళ్లి ఆర్టీసీ కార్గోలో వేశారు. మర్నాడు నెల్లూరు బస్టాండుకు వెళ్లి తెచ్చుకున్నాం.